ఆ 500 గంటలు ఎక్కడ గడిచాయి?

గౌరవనీయులైన భారత ఫార్మసీ మండలి అధ్యక్షులకు, సభ్యులకు,



డీ ఫార్మసీ (డిప్లొమా) విద్యార్థి రెండేళ్ల పాఠాలు ముగిశాక మూడు నెలలకు తగ్గకుండా, 500 గంటలకు తగ్గకుండా ఆస్పత్రి ఫార్మసీలోనో లైసెన్సున్న మందుల షాపులోనో పని నేర్చుకోవాలని నియమం పెట్టింది మీరే. అందులో కనీసం 250 గంటలు చీటీ చదివి మందులిచ్చే పనిలోనే గడవాలని రాసిందీ మీరే. ఆ శిక్షణ పూర్తయిందన్న కాగితం ఉంటేనే ఆ విద్యార్థికి రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా నమోదయ్యే దారి తెరుచుకుంటుంది. మందుల కౌంటరు వెనక నిలబడే హక్కుకు పునాది ఆ గంటలే. అవి నిజంగా గడిచాయో లేదో చూసే బాధ్యత ఎవరిది? ఇన్నేళ్లలో మీ తరఫున ఎవరైనా ఒక షాపు మెట్లెక్కి, ‘మీ దగ్గర శిక్షణలో ఉన్న విద్యార్థి ఏడీ’ అని అడిగారా?

నేను ప్రభుత్వ ఆస్పత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర ఉద్యోగ జీవితం గడిపి విరమించిన ఫార్మసిస్టును. ఈ లేఖలో కోపం ఉంటుంది. అది చదువుకునే పిల్లల మీద కాదు, వాళ్లను ఏమీ నేర్చుకోనివ్వకుండా కాగితం చేతికిచ్చి బజారులోకి పంపుతున్న పద్ధతి మీద. ఆ పద్ధతికి పెద్ద దిక్కు మీరు.

జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. చదువు చివరికొచ్చేసరికి విద్యార్థి తెలిసిన మందుల షాపు ఒకటి వెతుక్కుంటాడు. శిక్షణ ఒప్పంద పత్రం మీద యజమాని సంతకం పెట్టి షాపు ముద్ర వేస్తాడు. కొన్నిచోట్ల దానికి డబ్బు తీసుకుంటారు, కొన్నిచోట్ల మొహమాటానికి చేసిపెడతారు. మూడు నెలలు పోయాక అదే ముద్ర ఇంకోసారి పడుతుంది. ఆ మధ్యకాలంలో పిల్లవాడు ఏ కోచింగ్ సెంటరులోనో ఉంటాడు, లేదంటే ఊళ్లో పొలం పనిలో ఉంటాడు. నిజాయితీగా వచ్చి, మందుల అల్మారా సర్దడం దగ్గర మొదలుపెట్టి, శ్రద్ధగా నేర్చుకునే విద్యార్థులూ ఉన్నారు. వాళ్లు నేర్చుకుంటున్నది వాళ్ల పట్టుదల వల్ల, దొరికిన పెద్దవాళ్ల మంచితనం వల్ల. మీ ఏర్పాటు వల్ల మాత్రం కాదు.

అలాంటి ఒక అమ్మాయి మా కౌంటరులో పని నేర్చుకుంటుండగా కీళ్లవాతంతో బాధపడే ఒక పెద్దావిడ మందులు అయిపోయాయని వచ్చింది. చీటీలో మెథోట్రెక్సేట్ ఉంది. అది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. దానితో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంది. రెండూ చిన్న పసుపు మాత్రలే. ‘పెద్దమ్మా, ఇది ఏ రోజు వేసుకుంటున్నావు’ అని ఆ అమ్మాయి అడిగింది. ‘రోజూ రాత్రి, అన్నం తిన్నాక’ అంది ఆవిడ. నోరంతా పుండ్లు పడ్డాయని, కారం తగిలితే ఓర్చుకోలేకపోతున్నానని కూడా చెప్పింది. మెథోట్రెక్సేట్ ఒంట్లో మితిమీరితే కనబడే తొలి గుర్తుల్లో నోటిపూత ఒకటి. ఇంకొన్నాళ్లు గడిస్తే ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోయేవి. ఆవిణ్ని అప్పటికప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆ ప్రశ్న పుస్తకంలో చదివితే వచ్చేది కాదు. పక్కన నిలబడ్డ పెద్దవాళ్లు పదిమందిని అలా అడగడం చూస్తే పదకొండోసారి నోటికి దానంతట అదే వస్తుంది. మీ నియమంలోని 250 గంటలకు అర్థం అదే. చీటీకి సరిపోయే షీటు తీసిచ్చి డబ్బులు తీసుకోవడానికైతే రెండేళ్ల చదువు ఎందుకు?

ఒక లెక్క మీ ముందు పెడతాను. ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు పనిచేస్తున్నచోట ఇద్దరికి మించి శిక్షణార్థులు ఉండకూడదని మీ 1991 నాటి విద్యా నిబంధనల్లోనే ఉంది. ఎంత ముందుచూపుతో రాసిన వాక్యం అది! అరవై మంది ఉన్న ఒక్క తరగతికి ఆ మూడు నెలల్లో పక్కన నిలబడి నేర్పే ఫార్మసిస్టులు ముప్ఫై మంది కావాలి. ఒకే పట్టణంలో, ఆ చుట్టుపక్కల నాలుగైదు కళాశాలలు ఉంటే వందమందికి పైనే కావాలి. కొత్త కళాశాలకు అనుమతి ఇచ్చేముందు ప్రయోగశాల కొలతలు చూస్తారు, గ్రంథాలయంలో పుస్తకాలు లెక్కపెడతారు, అధ్యాపకుల హాజరు అడుగుతారు. ఈ ముప్ఫై మంది ఎక్కడున్నారని అడిగారా? మంచాలు లేని వైద్య కళాశాలకు ఈ దేశంలో అనుమతి దొరకదు. రోగి ఎదురుగా నిలబడి నేర్చుకునే చోటు లేని ఫార్మసీ కళాశాలకు మాత్రం ఎలా దొరుకుతోంది?

ఆ ముప్ఫై మంది కోసం వెతుకుతూ వెళితే అసలు గాయం బయటపడుతుంది. చాలా షాపుల్లో ఆ మనిషి ఉండడు. గోడకు అద్దాల చట్రంలో సర్టిఫికెట్ ఉంటుంది. అందులోని ఫొటో ఒకరిది, కౌంటరులో నిలబడి మందులిచ్చేది ఇంకొకరు. మా వైపు దీన్ని ‘సర్టిఫికెట్ పెట్టడం’ అంటారు. నెలకో, ఏడాదికో ఇంత అని మాట్లాడుకుని సర్టిఫికెట్ షాపులో పెడతారు. ఆ పేరు గల వ్యక్తి వేరే ఊళ్లో మందుల కంపెనీ ఉద్యోగంలో ఉంటాడు, పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్ల అయివుంటుంది, ఒక్కోసారి విదేశంలోనే ఉంటాడు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షను ప్రకారం డాక్టరు రాసిన మందును రిజిస్టర్డ్ ఫార్మసిస్టు తప్ప ఇంకెవరూ ఇవ్వకూడదు. 1945 ఔషధ నియమాల్లో 65వ నియమం కూడా ఫార్మసిస్టు స్వయంగా దగ్గరుండి చూడాలనే చెబుతోంది. 2023 జన విశ్వాస్ చట్టం తర్వాత ఈ తప్పుకు జరిమానా రెండు లక్షల రూపాయల దాకా పెరిగింది కూడా. తెల్లకోటు వేసుకోవాలని, దానిమీద పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ కనబడాలని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో మీరే రాశారు. మీలో ఎవరైనా ఈరోజు సాయంత్రం మీ ఇంటి దగ్గరి మందుల షాపుకు వెళ్లి చూడండి. ఆ తెల్లకోటు ఎన్నిచోట్ల కనబడుతుందో లెక్కపెట్టండి.

ఇప్పుడు ఆ విద్యార్థి వైపు నుంచి ఆలోచించండి. వృత్తిలోకి వచ్చేముందు అతను సంపాదించిన మొదటి కాగితమే అబద్ధం. నేర్పాల్సిన మనిషి షాపులో లేడు, నేర్చుకోవాల్సిన తనూ లేడు, ముద్ర మాత్రం పడింది. ఇరవై ఏళ్ల పిల్లవాడు దాన్నుంచి ఏం గ్రహిస్తాడు? చట్టం గోడకు వేలాడదీసుకోవడానికే అని గ్రహిస్తాడు. ఏడాది తిరక్కుండా తన సర్టిఫికెట్ కూడా ఇంకో షాపు గోడ మీదికి ఎక్కుతుంది. దానికింద మరుసటి ఏడాది విద్యార్థికి మళ్లీ ముద్ర పడుతుంది. శిక్షణను, అద్దె సర్టిఫికెట్లను మీరు రెండు వేర్వేరు ఫైళ్లలో పెట్టి చూస్తున్నారు. మొదటిది చదువు సంగతని, రెండోది డ్రగ్ ఇన్‌స్పెక్టర్ల సంగతని వదిలేస్తున్నారు. అవి రెండూ ఒకటే జబ్బు. శిక్షణ దగ్గర దాన్ని ఆపగలిగింది మీరొక్కరే, ఎందుకంటే ఆ కాగితాన్ని నమ్మాలా వద్దా అన్న నిర్ణయం రాష్ట్ర మండళ్లతో కలిసి మీ చేతిలోనే ఉంది.

కౌంటరులో తెలిసిన మనిషి లేకపోతే ప్రజలకు పోయేదేమిటి? థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలని, కాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదని చెప్పేవాళ్లు ఉండరు. మోతాదు చాలలేదనుకుని డాక్టరు పెంచుతూ పోతాడు. షుగర్ మాత్ర వేసుకుని ఉపవాసం ఉంటే కళ్లు తిరిగి పడిపోతావని ముసలాయనకు ఎవరూ చెప్పరు. ఆయాసానికి పీల్చే మందు కొనుక్కున్న మనిషికి దాన్ని ఎలా పీల్చాలో ఒక్కసారైనా చేసి చూపించరు. మందు గొంతులోనే ఆగిపోతుంది, ఊపిరితిత్తులకు చేరదు, ‘ఈ మందు నాకు పడలేదు’ అని ఆయన మూలన పడేస్తాడు. జ్వరానికి ఒక మాత్ర, జలుబుకు ఇంకో మాత్ర, ఒళ్లునొప్పులకు మరొకటి కొనుక్కుంటే మూడింటిలోనూ పారాసిటమాల్ ఉండవచ్చని, కాలేయానికి ముప్పని అడ్డుచెప్పే గొంతు వినబడదు.

క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద హెచ్చరిక ముద్రించాలని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. మంచిదే. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. చంకలో బిడ్డతో వచ్చిన తల్లికి దాన్ని చదివి చెప్పాల్సింది ఎవరు? 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగి పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసింది తయారీలో. సీసా చూసి కౌంటరులోని మనిషి దాన్ని కనిపెట్టలేడు, ఒప్పుకుంటాను. కానీ ‘మందు తాగాక బిడ్డకు మూత్రం రావడం లేదు’ అని ఒక తల్లి వచ్చి చెబితే ఆ సీసాలు పక్కన పెట్టి, బిడ్డను ఆస్పత్రికి పంపి, మందు వికటించిన సంగతులు తెలపడానికే 2010 నుంచి నడుస్తున్న జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి 1800-180-3024 నంబరులో ఫోన్ చేయడం శిక్షణ పొందిన ఫార్మసిస్టు చేయగలిగిన పని. మీ 500 గంటల్లో ఈ ఒక్క నంబరైనా ఎంతమందికి తెలిసింది?

యాంటీబయాటిక్స్ మాట చెప్పక్కర్లేదు. 2014 మార్చి నుంచి, వాటిలో కొన్నిటిని చేర్చిన షెడ్యూల్ హెచ్1 జాబితా అమల్లో ఉంది. ఆ జాబితాలోని మందు అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కేరళ 2024లో ‘ఆపరేషన్ అమృత్’ పేరుతో చీటీ లేకుండా యాంటీబయాటిక్స్ అమ్ముతున్న షాపులపై ఆకస్మిక తనిఖీలు చేసింది. ఒక రాష్ట్రానికి సాధ్యమైంది ఇంకో రాష్ట్రానికి ఎందుకు కాదు? అయితే తనిఖీ ఒక్కటే సరిపోదు. ‘మూడు మాత్రలు చాలు’ అని పట్టుబట్టే మనిషికి నచ్చజెప్పి, పూర్తి కోర్సు కొనిపించో, అవసరం లేదని డాక్టరు దగ్గరికి తిప్పి పంపించో చేయడానికి నేర్పు కావాలి. ఆ నేర్పు తనిఖీతో రాదు.

సీట్లు పెరగడం మా చేతిలో లేదని మీరు అనవచ్చు. కొత్త కళాశాలల మీద ఐదేళ్ల నిషేధం 2019లో మీరే విధించారు. అది చెల్లదని హైకోర్టులు అన్నాయి, 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. కానీ ఆ తీర్పు చెప్పిందేమిటి? విద్యాసంస్థ పెట్టుకునే హక్కుకు కళ్లెం వేయాలంటే అది చట్టం ద్వారా జరగాలి, మండలి తీర్మానంతో కాదు అని. పుట్టగొడుగుల్లా కళాశాలలు పెరగకుండా ఆంక్షలు అవసరం కావచ్చని కూడా ధర్మాసనం అంది. ప్రమాణాలు గట్టిగా అమలు చేయవద్దని ఏ న్యాయస్థానమూ మీ చేతులు కట్టేయలేదు. ‘మీ విద్యార్థులకు నేర్పే ఫార్మసిస్టుల పేర్లు చూపండి’ అన్న ఒక్క షరతు నిజంగా పెట్టివుంటే సగం దరఖాస్తులు వాటంతట అవే వెనక్కి పోయేవని నా నమ్మకం. అనుమతుల విషయంలో లంచాల ఆరోపణల మీద 2025లో సీబీఐ కేసు పెట్టి మీ మండలి దాకా దర్యాప్తుకు వచ్చింది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టు. కానీ ఫార్మసీ చదివిన ప్రతి ఒక్కరి తలా ఆరోజు వంగిపోయిందని మీకు చెప్పడం నా ధర్మం.

డిప్లొమా వాళ్లకు ఎగ్జిట్ పరీక్ష పెడుతూ 2022లో నిబంధనలు తెచ్చారు. మూడు పేపర్లు, ఒక్కోదానిలో సగం మార్కులు రావాలి. ఆ ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే రెండు ప్రశ్నలు. ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఎంచుకునే పరీక్షతో, పెద్దమ్మను ‘ఏ రోజు వేసుకుంటున్నావు’ అని అడిగే అలవాటు కొలవగలరా? మరి నాలుగేళ్ల బీ ఫార్మసీ చదివినవాళ్ల సంగతేమిటి? 2014 నిబంధనల ప్రకారం వాళ్లకు ఆరో సెమిస్టరు తర్వాత ఉన్నది 150 గంటల శిక్షణ, అదీ కంపెనీలో చేసినా సరిపోతుంది. రోగి ముఖం చూడకుండానే పట్టా తీసుకుని, అదే రిజిస్టరులో నమోదై, అదే కౌంటరులో నిలబడవచ్చు. మాత్రలు తయారుచేసే యంత్రం దగ్గర నేర్చుకున్న విద్య గొప్పదే. హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ పరిశ్రమ దానిమీదే నిలబడింది, లక్షల కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ మాత్ర తయారుచేయడం ఒక విద్య, అది మనిషి ఒంట్లో ఏం చేస్తుందో చూసుకోవడం ఇంకో విద్య. ఒకదానికి చదివించి రెండోదానికి లైసెన్సు ఇవ్వడం న్యాయమా?

బ్రిటన్‌లో ఫార్మసీ పట్టా తీసుకున్నవాళ్లు 52 వారాలు ఒక బాధ్యతగల పర్యవేక్షకుడి కింద పనిచేసి, పరీక్ష కూడా నెగ్గితేనే రిజిస్టరులోకి వెళతారు. అమెరికా ఫార్మ్ డీ చదువులో కనీసం 1,740 గంటలు పనిచేస్తూ నేర్చుకోవడంలో గడవాలి. బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లు అక్కడ రాసే అర్హత పరీక్షకు 2003 నుంచి ఐదేళ్ల చదువు తప్పనిసరి అయింది. 2008లో మన దగ్గర ఆరేళ్ల ఫార్మ్ డీ మొదలైనప్పుడు తెలుగు ప్రాంతాల్లో ఎన్నో కళాశాలలు దానికి ఎగబడడానికి, తల్లిదండ్రులు అప్పుచేసి మరీ చదివించడానికి అదీ ఒక కారణం. ఆ పిల్లలు వార్డుల్లో తిరిగి నేర్చుకున్నారు. చివరి ఏడాదంతా ఆస్పత్రి ఇంటర్న్‌షిప్. వాళ్లను ఏం చేశారు? ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలకు 2021లో చేసిన సవరణలో క్లినికల్ ఫార్మసిస్టు అన్న హోదా కాగితం మీదికి వచ్చింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆ పేరుతో పోస్టులు మంజూరు చేయించడానికి రాష్ట్ర ప్రభుత్వాలతో మీరు ఎంత పోరాడారు? వార్డులో డాక్టరు పక్కన నిలబడి మోతాదు సరిచూడాల్సినవాళ్లు ఇప్పుడు బీమా కంపెనీల్లో క్లెయిములు చూస్తున్నారు, మెడికల్ కోడింగ్‌లో చేరుతున్నారు. తప్పు పనులేమీ కావవి. కానీ వాళ్లను చదివించింది వాటికోసమా?

రిజిస్టరయ్యాక జీవితాంతం నేర్చుకునే ఏర్పాటు గురించి ఒక్కమాటే అంటాను. రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే ఐదేళ్లలో కనీసం రెండు పునశ్చరణ తరగతులు, ఒక్కోటి కనీసం ఒకరోజు. ఐదేళ్లలో వచ్చే కొత్త మందులన్నిటికీ రెండు రోజులా?

జీతం సంగతి కూడా మాట్లాడక తప్పదు. షాపు యజమాని ఫార్మసిస్టుకు ఇచ్చేది పక్కన మూటలు విప్పే కుర్రాడికి ఇచ్చేదానికన్నా కొద్దిగానే ఎక్కువైతే, చదువుకున్నవాడు పన్నెండు గంటలు అక్కడ ఎందుకు నిలబడతాడు? సర్టిఫికెట్ పెట్టి వేరే ఉద్యోగానికి పోవడమే తెలివైన పని అవుతుంది. జీతాలు నిర్ణయించే అధికారం మీకు లేదు, తెలుసు. కానీ శిక్షణ ఇచ్చే షాపులను, అక్కడ నేర్పే ఫార్మసిస్టులను గుర్తించే అధికారం మీకుంది. వైద్యానికి బోధనాసుపత్రులు ఉన్నట్టే ఫార్మసీకి బోధనా ఫార్మసీలు ఎందుకు ఉండకూడదు? జిల్లా ఆస్పత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు, నిజాయితీగా నడిచే మందుల షాపులు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి. వాటిని ఎంచుకోండి. అక్కడి అనుభవజ్ఞుడికి గురువు హోదా ఇవ్వండి, కళాశాల వసూలు చేసే ఫీజులో కొంత నేరుగా అతని చేతికి అందేలా చేయండి. ఆ డబ్బు తోడైతే ఫార్మసిస్టు కౌంటరు వదిలిపోడు. విద్యార్థి రోజుకు ఎన్ని చీటీలు చూశాడో, ఎవరికి ఏం చెప్పాడో, ఏ పొరపాటు పట్టుకున్నాడో రాసుకునే పుస్తకం ఉండాలి. దానిమీద సంతకం షాపు యజమానిది కాకుండా నేర్పిన ఫార్మసిస్టుది, అతని రిజిస్ట్రేషన్ నంబరుతో ఉండాలి. ఒకే నంబరు కింద ఒకే సమయంలో ఇద్దరికి మించి పేర్లు వస్తే కంప్యూటరే పట్టిస్తుంది. ఆ నంబరు గల మనిషి అసలు ఆ ఊళ్లో ఉన్నాడా లేడా అన్నదీ అప్పుడే బయటపడుతుంది. అద్దె సర్టిఫికెట్ల మీద ఇంతకన్నా గట్టి తనిఖీ నాకు తోచలేదు.

1948 చట్టం స్థానంలో జాతీయ ఫార్మసీ కమిషన్ తేవాలని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2023 నవంబరులో ముసాయిదా బిల్లు ప్రజల ముందు పెట్టింది. మండలి పోయి కమిషన్ వస్తే వస్తుంది. బోర్డు మారినంతమాత్రాన షాపులో మనిషి ప్రత్యక్షం కాడు. కమిషన్ వచ్చేదాకా ఆగుదాం అన్న మాట దయచేసి అనకండి. అది ఎప్పుడొచ్చినా అప్పటిదాకా తరగతులు బయటికి వస్తూనే ఉంటాయి. 500 గంటల నియమం ఇవాళ కూడా మీదే, ఇవాళే అమలు చేయవచ్చు.

అందుకే ఒక్కటి అడుగుతున్నాను. ఈ విద్యాసంవత్సరంలో శిక్షణకు వెళ్లే డీ ఫార్మసీ విద్యార్థులు ఏ ఊళ్లో, ఏ ఆస్పత్రిలో లేదా ఏ షాపులో, ఏ రిజిస్ట్రేషన్ నంబరు గల ఫార్మసిస్టు దగ్గర నేర్చుకుంటున్నారో కళాశాలలవారీగా జాబితా ప్రకటించండి. మీ వెబ్‌సైటులో, అందరూ చూసేలా. నాలాంటి విరమించిన ఫార్మసిస్టులు ప్రతి జిల్లాలో ఉన్నారు. మీ దగ్గర మనుషులు చాలకపోతే మేం వెళ్లి చూసి వస్తాం, జీతం అడగం. ఆ జాబితా ఎప్పుడు బయటపెడతారో తేదీ చెప్పండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ ఫార్మసిస్టు